గని కార్మికుల చందా నుండి ప్రజా ఆసుపత్రి ట్రస్టు వరకు

వేల్సు దేశమందలి గ్వెంట్ ప్రాంతపు అనుభవము

ఆసుపత్రిని కట్టుట యొక పని. దానిని నడపుట వేరొక పని. కట్టునపుడు శంకుస్థాపన జరుగును, ప్రారంభోత్సవము జరుగును, ఊరివారందరును చేరుదురు. అటుపిమ్మట వైద్యుడు వేళకు వచ్చుచున్నాడా, మందులున్నవా, పైకప్పు కారుచున్నదా, వచ్చిన సొమ్ము దేనికి ఖర్చయినది అని అడుగువారు కొలదిమందియే యుందురు. ఆసుపత్రి నిజముగా ఎవరిది అను ప్రశ్నకు సమాధానము ఈ రెండవ పనిలోనే దొరకును.

పంచాయతీ సభ్యుల అధ్యయనార్థము ఈ వ్యాసమున మేము ఒక ప్రాంతపు ఆసుపత్రుల చరిత్రను వివరింపదలచితిమి. ఆ ప్రాంతము మనకు మిక్కిలి దూరమైనది. కాని అచటివారు ఎదుర్కొన్న ప్రశ్నలు మనకును క్రొత్తవి కావు. వైద్యమునకగు ఖర్చును ఎవరు భరింపవలెను? పెత్తనము ఎవరి చేతిలో నుండవలెను? ఆసుపత్రి చిన్నదై దగ్గర నుండుట మేలా, పెద్దదై దూరమున నుండుట మేలా? ఈ మూడు ప్రశ్నలకును ఆ ప్రాంతమువారు నూట ముప్పది యేండ్లుగా సమాధానములు వెదకుచునే యున్నారు.

బొగ్గు లోయలు

బ్రిటను ద్వీపమున ఇంగ్లండునకు పడమట వేల్సు దేశమున్నది. దాని ఆగ్నేయ భాగమునకు గ్వెంట్ అని పేరు. దక్షిణమున న్యూపోర్ట్ అను రేవుపట్టణము, ఉత్తరమున కొండలు, కొండల నడుమ ఇరుకైన లోయలు కలవు. ఆ లోయలలో బొగ్గును ఇనుమును దొరకుటచే 19వ శతాబ్దమున అచట గనులును కొలుములును వెలసినవి. ట్రెడీగర్ అను ఊరిలో 1800లో ఇనుప కర్మాగారము స్థాపింపబడినది. పనికొరకు నలుదిక్కుల నుండి జనులు వచ్చి చేరిరి.

గని పని ప్రాణాపాయకరమైనది. పైకప్పు కూలుట, విషవాయువులు ప్రేలుట, బండ్ల క్రింద కాళ్ళు నలుగుట సామాన్యముగా జరుగుచుండెడివి. ప్రమాదములను తప్పించుకొన్నవారిని సయితము బొగ్గు ధూళి విడిచిపెట్టలేదు. అది ఊపిరితిత్తులలో పేరుకొని క్రమక్రమముగా ఊపిరి సలుపకుండ చేయుచుండెను.

ఆనాడు రోగికి మూడు దారులు మాత్రమే యుండెను. మొదటిది యజమాని నియమించిన వైద్యుడు. ఆయన జీతమునకగు సొమ్ము కార్మికుల కూలినుండియే మినహాయింపబడుచుండెను. కాని ఆయనను ఎన్నుకొనుటకు గాని తొలగించుటకు గాని కార్మికులకు అధికారము లేకుండెను. రెండవది దాతల ధనముతో నడచు ధర్మాసుపత్రి. న్యూపోర్ట్ పట్టణమున 1839లో ఒక చిన్న ధర్మ వైద్యశాల ఆరంభమైనది. అదియే పెరిగి 1901లో క్రొత్త భవనమునకు మారి, 1913 నుండి రాయల్ గ్వెంట్ ఆసుపత్రి అను పేరు వహించినది. మూడవది నిరుపేదలను ఉంచు పేదలశాల. అచట చేరుట అవమానకరమని జనులు భావించెడివారు.

ఈ మూడింటిలోను రోగి పరుల దయకు లోబడినవాడే. తన సొమ్ముతో, తన మాట చెల్లునట్లు వైద్యము పొందు దారి వానికి లేకుండెను.

నూటికి రూపాయి పావలా

ట్రెడీగర్ కార్మికులు ఆ నాలుగవ దారిని తామే వేసికొనిరి. ఊరిలోని చిన్న చిన్న సహాయ సంఘములు కొన్ని 1890లో ఏకమై కార్మికుల వైద్య సహాయ సంఘముగా ఏర్పడినవి. తదనంతర కాలమున సంఘపు చందా కూలిలో పౌనుకు మూడు పెన్నీలు. ఆనాటి పౌనుకు 240 పెన్నీలు కావున మన లెక్కలో ఇది నూరు రూపాయలకు రూపాయి పావలా యగును. ఎక్కువ కూలి పొందువాడు ఎక్కువయు, తక్కువ కూలి పొందువాడు తక్కువయు చెల్లించును. వైద్యము మాత్రము అందరికిని సమానము.

ఈ పద్ధతియందలి విశేషమును సభ్యులు గమనింపవలెను. 1911లో బ్రిటిషు పార్లమెంటు జాతీయ బీమా చట్టమును చేసినది. దానిచే కార్మికునికి మాత్రమే వైద్యుని సేవ లభించినది. వాని భార్యకు గాని బిడ్డలకు గాని లభింపలేదు. ట్రెడీగర్ సంఘము కుటుంబమునంతటిని తన రక్షణలోనికి తీసికొన్నది. 1920 దశాబ్దము నాటికి ఊరిలో సుమారు 24,000 మంది జనులుండగా వారిలో సుమారు 20,000 మంది ఈ సంఘముచే వైద్యసహాయము పొందుచుండిరి. సంఘము క్రింద ఐదుగురు వైద్యులు, ఒక శస్త్రచికిత్సకుడు, ఇద్దరు మందులు కలుపువారు, ఒక దంతవైద్యుడు, ఇండ్లకు తిరుగు నర్సు మొదలగువారు జీతములపై పనిచేసిరి. 1904లో తెరువబడిన చిన్న ఆసుపత్రియు ఊరిలో నుండెను.

ఈ సంఘమును పెంచి పెద్దచేసినవారిలో ముఖ్యుడు వాల్టర్ కాన్వే. ఈయన తలిదండ్రులను కోల్పోయి పేదలశాలలో పెరిగిన అనాథ. 1915లో కార్యదర్శియై 1933లో మరణించువరకు సంఘమును నడపెను. ఎవరి దయాధర్మములపై తాను పెరిగెనో ఆ దయాధర్మముల యవసరమే పరులకు లేకుండ చేయుటకు ఈయన పాటుపడెను. సుప్రసిద్ధ నవలాకారుడు ఎ. జె. క్రోనిన్ 1921 మొదలు కొంతకాలము ఈ ఊరిలో వైద్యుడుగా పనిచేసి, ఆ యనుభవమును తరువాత 1937లో వెలువడిన 'ది సిటడెల్' అను నవలలో వాడుకొనెను.

సంఘమునకు కమిటీ యుండెను. కమిటీలో కార్మికులే కూర్చుండిరి. వైద్యుని నియమించుట, జీతము నిర్ణయించుట, ఫిర్యాదు వినుట వారి పనులు. పాఠశాల చదువు స్వల్పమే యైనను జమాఖర్చులు చూచుటను, తీర్మానములు చేయుటను, వైద్యునితో మర్యాదగా మాటాడి పని రాబట్టుటను వారు ఆ కమిటీలోనే నేర్చుకొనిరి.

ఆ కమిటీలలో తయారైన వారిలో అనైరిన్ బెవన్ యొకడు. ఈయన 1897లో ట్రెడీగర్‌లో గని కార్మికుని యింట పుట్టెను. పదుమూడేండ్ల ప్రాయముననే గనిలో దిగెను. 1925లో ఈయన తండ్రి బొగ్గు ధూళివలన కలిగిన ఊపిరితిత్తుల వ్యాధిచే మరణించెను. అది పనివలన వచ్చిన వ్యాధియని చట్టము అప్పటికి అంగీకరింపలేదు కావున కుటుంబమునకు పరిహారము దొరకలేదు. బెవన్ ఊరి ఆసుపత్రి కమిటీలో పనిచేసి, 1929లో పార్లమెంటు సభ్యుడుగా ఎన్నికయ్యెను.

చందాకు గల హద్దు

ట్రెడీగర్ పద్ధతి ఎంత మెచ్చదగినదైనను దానికొక హద్దు కలదు. చందా కూలినుండి వచ్చునది. కూలి లేనినాడు చందా లేదు. 1926లో బొగ్గుగనుల యజమానులు గనులు మూసివేయగా కార్మికులు నెలల తరబడి పనిలేక యుండిరి. 1929లో ప్రక్క లోయయందలి ఎబూ వేల్ ఉక్కు కర్మాగారము మూతపడినది. 1930 దశాబ్దమంతయు ఈ లోయలలో నిరుద్యోగము తాండవించినది. రోగములు పెరిగిన కాలముననే నిధి తరగిపోవునట్టి పరిస్థితి యిది.

ఒక యూరివారందరు ఒకే పనిపై ఆధారపడినప్పుడు కష్టము అందరికిని ఒకేసారి వచ్చును. అట్టి సమయమున ఒకరికొకరు సాయపడుటకు ఎవరియొద్దను మిగులు ఉండదు. ఒకే చెరువు క్రింద సేద్యము చేయు గ్రామమువారికి ఈ మాట వివరింప నక్కరలేదు. చెరువు ఎండినయేడు గ్రామములోని అప్పులవాడును అప్పిచ్చువాడును ఒక్కతీరుననే యుందురు. అందుచే ఆదుకొను నిధి గ్రామముకంటె, తాలూకాకంటె విశాలమైనదై యుండవలెను. సంపన్నమైన ఊరికి మంచి ఆసుపత్రియు, పేద ఊరికి నాసి ఆసుపత్రియు ఉండరాదన్నచో దేశమంతటి ధనమును ఒకచోట కూర్చి పంచుట తప్ప వేరు మార్గము లేదు.

మంత్రివర్గమున జరిగిన వాదము

రెండవ ప్రపంచ యుద్ధానంతరము 1945లో బెవన్ బ్రిటను ఆరోగ్యశాఖ మంత్రి యయ్యెను. ట్రెడీగర్ ప్రజలు ఒక తరము పాటు అనుభవించిన సౌకర్యమును దేశ ప్రజలందరికిని విస్తరింపజేయుటయే తన పనియని ఆయన చెప్పుకొనెను. కాని ఆసుపత్రులను ఎవరికి అప్పగింపవలెనను ప్రశ్న వచ్చినది.

మంత్రివర్గమున రెండు వాదములు బయలుదేరినవి. హెర్బర్ట్ మారిసన్ అను మంత్రి స్థానిక సంస్థల పక్షమున నిలిచెను. పురపాలక సంఘములు ఎన్నో యేండ్లుగా ఆసుపత్రులను నడపుచున్నవి. వానిని తీసివేసినచో స్థానిక ప్రభుత్వము బలహీనపడును. ప్రజలు ఎన్నుకొన్న సభ్యులకు చేయుటకు పని తగ్గును అని ఆయన వాదము. బెవన్ వాదము వేరు. స్థానిక సంస్థల ఆదాయము ఒక్కొక్క చోట ఒక్కొక్క విధముగ నుండును. చిన్న సంస్థ అన్నివిధముల నిపుణులను పోషింపజాలదు. కావున ఆసుపత్రులన్నియు జాతీయముగ నుండవలెను అని ఆయన పట్టుబట్టెను. తానే స్థానిక కమిటీలలో పెరిగియు బెవన్ ఇట్లు వాదించుట గమనింపదగినది.

బెవన్ వాదమే నెగ్గినది. 1946లో జాతీయ ఆరోగ్య సేవా చట్టము పార్లమెంటున ఆమోదింపబడినది. వైద్యుల సంఘము తీవ్రముగ వ్యతిరేకించినది. 1948 ఆరంభమున జరిగిన అభిప్రాయ సేకరణలో అత్యధిక సంఖ్యాకులు ప్రతికూలముగ వోటు చేసిరి. కొన్ని రాయితీల పిమ్మట వారు సమ్మతించిరి. 1948 జులై 5వ తేదీన సేవ ప్రారంభమైనది. ఇంగ్లండు, వేల్సులలోని 2,600కు పైగా ఆసుపత్రులు ప్రభుత్వ పరమైనవి. ధర్మాసుపత్రియు, పేదలశాల ఆసుపత్రియు, కార్మికుల ఆసుపత్రియు ఒకే కుటుంబములో చేరినవి. వ్యయములో అధికభాగము సాధారణ పన్నులనుండి చెల్లింపబడినది. ఆసుపత్రిలో పడక పొందుటకు రోగి రొక్కము చూపనక్కరలేకపోయెను.

ఆ 1946వ సంవత్సరముననే మన దేశమున భోర్ కమిటీ తన నివేదికను సమర్పించినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమను భావన మనకు ఆ నివేదికనుండియే లభించినది. 1952లో సమాజ వికాస పథకముతోపాటు ఆ కేంద్రములు మన గ్రామసీమలలో ఆరంభమైనవి.

మండలి, అథారిటీ, ట్రస్టు

ఇక పెత్తనము సంగతి. 1948లో మంత్రి క్రింద ప్రాంతీయ ఆసుపత్రి మండలులు ఏర్పడినవి. వేల్సు అంతటికి ఒకే మండలి. దాని క్రింద ఒక్కొక్క ఆసుపత్రుల సముదాయమునకు నిర్వాహక కమిటీ యుండెను. కాని ఈ కమిటీ సభ్యులు నియమింపబడినవారే గాని చందాదారులచే ఎన్నుకొనబడినవారు కారు. ట్రెడీగర్ ఆసుపత్రిలో ఒక పాత్ర క్రిందపడినను దాని చప్పుడు పార్లమెంటున వినబడవలెనని బెవన్ పేర ఒక మాట వ్యాప్తిలో నున్నది. బాధ్యత మంత్రిదే యని దాని భావము. అయినను చప్పుడు దూరమునకు పోవుకొలది సన్నగిల్లునను మాటయు నిజమే.

1974లో మార్పు వచ్చినది. గ్వెంట్ ప్రాంతమునకంతటికి ఒక ఆరోగ్య అథారిటీ ఏర్పడినది. ఆ సంవత్సరముననే రోగుల పక్షమున మాటాడుటకు ప్రజారోగ్య సమితులు పుట్టినవి. ఆసుపత్రులను దర్శించుట, మూసివేత ప్రతిపాదనలపై ప్రజల అభిప్రాయమును వినిపించుట వాని విధులు. వేల్సులో ఈ సమితులు 2023 వరకు పనిచేసి, ఆ యేడు ఏప్రిల్ 1న 'లైస్' అను సంస్థకు తమ పనిని అప్పగించినవి. వేల్సు భాషలో ఆ మాటకు గొంతు అని అర్థము.

1990 నాటి చట్టముచే ట్రస్టుల పద్ధతి వచ్చినది. ట్రస్టు అనగా మన దేవస్థానముల ధర్మకర్తల మండలివంటి దానిగా కొందరు తలంపవచ్చును. అది ప్రైవేటు కంపెనీయని మరికొందరు భ్రమపడవచ్చును. రెండును సరికావు. ఇది ప్రభుత్వ రంగములోని సంస్థయే. దానికి స్వంత అధ్యక్షుడు, స్వంత పాలకవర్గము, స్వంత సిబ్బంది, స్వంత లెక్కలు ఉండును. ఆరోగ్య అథారిటీ ప్రజల తరపున వైద్యసేవను కొనును. ట్రస్టు ఆ సేవను ఒప్పందముపై సమకూర్చును. ఇట్లు కొనువారును అమ్మువారును వేరైనచో పొదుపును చురుకుదనమును కలుగునని చట్టకర్తల ఆశయము.

గ్వెంట్ ప్రాంతమున మొదట వేర్వేరు ట్రస్టులు ఏర్పడి, 1999 ఏప్రిల్‌లో మూడు ట్రస్టులు కలిసి గ్వెంట్ హెల్త్‌కేర్ ట్రస్టుగా నొక్కటైనవి. న్యూపోర్ట్‌లోని రాయల్ గ్వెంట్, ఆబర్గవెనీలోని నెవిల్ హాల్, లోయలలోని చిన్న ఆసుపత్రులు అన్నియు దాని క్రిందికి వచ్చినవి. కాని ఆసుపత్రి యొక సంస్థదియు, ఊరి వైద్యుని పర్యవేక్షణ వేరొక సంస్థదియు అయినందున రోగి నడుమ చిక్కుకొనుట, ఒప్పందముల లెక్కలకు శ్రమ పెరుగుట మొదలగు దోషములు కనబడినవి. 2009 అక్టోబరు 1న వేల్సు ప్రభుత్వము ఈ కొనుగోలు పద్ధతిని విడనాడి, దేశమునంతటిని ఏడు స్థానిక ఆరోగ్య మండలులుగా విభజించినది. గ్వెంట్ ట్రస్టు స్థానమున ఏర్పడిన మండలికి అనైరిన్ బెవన్ పేరు పెట్టబడినది. సుమారు 6 లక్షల జనాభాకు ఆసుపత్రులు, ఊరి వైద్యులు, నివారణ చర్యలు అన్నియు ఆ యొక్క మండలి బాధ్యతయే. దాని పాలకవర్గమున స్థానిక సంస్థలనుండి ఒకరు, కార్మిక సంఘమునుండి ఒకరు, స్వచ్ఛంద సంస్థలనుండి ఒకరు సభ్యులుగా నుందురు.

ఈ ఆసుపత్రులు నిలుచుటకు మన దేశపు వైద్యులును తోడ్పడిరి. బొగ్గు లోయలకు వచ్చుటకు బ్రిటిషు వైద్యులు వెనుదీయగా, స్వాతంత్ర్యానంతర దశాబ్దములలో భారత ఉపఖండమునుండి వెళ్ళిన వైద్యులు అచటి ఖాళీలను పూరించిరి. మన తెలుగునాటి వైద్య కళాశాలలలో చదివినవారును బ్రిటనుకు పోయి ఈ జాతీయ సేవలో పనిచేసిరి. వెనుకబడిన పల్లెకు వైద్యుని రప్పించుట కష్టమను చిక్కు ధనిక దేశములకును తప్పలేదని దీనివలన తెలియుచున్నది.

దగ్గరిదా, గొప్పదా?

మూడవ ప్రశ్న యింకను మిగిలినది. వైద్యశాస్త్రము పెరిగినకొలది ఖరీదైన యంత్రములు, రేయింబవళ్ళు సిద్ధముగ నుండు నిపుణులు అవసరమైరి. ప్రతి లోయలోను వీనిని ఉంచుట సాధ్యము కాదు. 2010లో ఎబూ వేల్‌లో అనైరిన్ బెవన్ పేర క్రొత్త ఆసుపత్రి తెరువబడగా, ట్రెడీగర్‌లోని పాత ఆసుపత్రి మూతపడినది. కార్మికులు ఒకనాడు కమిటీ కూర్చి నడపుకొన్న ఆసుపత్రి అది.

2020 నవంబరులో, కోవిడ్ మహమ్మారి సమయమున, కుమ్‌బ్రాన్ పట్టణ సమీపమున ది గ్రేంజ్ అను పెద్ద ఆసుపత్రి అనుకొన్న గడువుకంటె ముందుగనే ప్రారంభింపబడినది. సుమారు 35 కోట్ల పౌనులు వ్యయమైన ఈ ఆసుపత్రి ప్రాణాపాయస్థితిలోని రోగులకొరకు ఉద్దేశింపబడినది. రాయల్ గ్వెంట్, నెవిల్ హాల్ ఆసుపత్రులలోని అత్యవసర విభాగములు దానిలో చేరి, ఆ రెండుచోట్ల చిన్న గాయములకు చికిత్స చేయు విభాగములు మాత్రము మిగిలినవి.

గుండెపోటు వచ్చినవానికి, తల పగిలినవానికి నిపుణులందరు ఒకచోట నుండుట నిస్సందేహముగ మేలు. కాని ట్రెడీగర్‌నుండి ది గ్రేంజ్ ఆసుపత్రికి సుమారు ముప్పది కిలోమీటర్ల దారి. స్వంత వాహనము లేని ముదుసలికి, రాత్రివేళ బస్సు దొరకని తల్లికి ఈ దూరము చిన్నది కాదు. ప్రయాణ సౌకర్యమును గూర్చి ప్రజలు ఆందోళన వెలిబుచ్చిరి. నిపుణుల లెక్కయు, ముదుసలి లెక్కయు రెండును సరియైనవే. ఈ రెండింటిని ఒక బల్లపై నుంచి చర్చించు వేదిక ఉన్నచోట మాత్రమే న్యాయమైన నిర్ణయము వెలువడును. ఆ వేదికలో కూర్చుండి ముదుసలి లెక్క చెప్పవలసినవాడు ప్రజల ప్రతినిధియే.

మన పంచాయతీలకు పాఠము

ఈ చరిత్రనుండి మేము చెప్పదలచిన సారాంశమిది. ధనము విశాలమైన నిధినుండి రావలెను. కాని కన్ను దగ్గరిదై యుండవలెను. ట్రెడీగర్ కార్మికులకు కన్ను ఉండెను గాని నిధి చాలలేదు. జాతీయ సేవ నిధిని సమకూర్చినది. కాని కంటిని దగ్గరగా నిలుపుకొనుటకు మండలిని అథారిటీగాను, అథారిటీని ట్రస్టుగాను, ట్రస్టును మరల మండలిగాను మార్చుచు రావలసి వచ్చినది.

మన రాష్ట్రమునను ఈ ప్రయత్నము జరిగినది. జిల్లా, ప్రాంతీయ ఆసుపత్రుల నిర్వహణకొరకు 1986 నాటి చట్టముచే ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్ ఏర్పడినది. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. వానిలో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, వైద్యశాలలతో కూడిన ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఒకటి. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గ్రామ ఆరోగ్య కమిటీని, ఆసుపత్రి అభివృద్ధి సంఘమును నెలకొల్పి, గ్రామ కమిటీకి ఏటేట 10,000 రూపాయల వరకు నిధిని ఉద్దేశించినది.

ఈ మొత్తము స్వల్పమని చిన్నచూపు చూడరాదు. పౌనుకు మూడు పెన్నీలును స్వల్పమే. ఆ స్వల్పమును లెక్కకట్టి, ఖర్చు వ్రాసి, అందరియెదుట చదివినవారే తరువాత దేశమునకు ఆరోగ్య సేవను నేర్పిరి. కమిటీ కాగితముపై మాత్రమే ఉండి, సంతకములు ఇంటింటికి తిప్పి చేయించుకొన్నచో పదివేలైనను పదిలక్షలైనను ఒకటే.

సభ్యులు తమ సమావేశమున ఈ క్రింది ప్రశ్నలను చర్చింపగలరు.

1. మన గ్రామ ఆరోగ్య కమిటీ చివరిసారి ఎప్పుడు కూడినది? దాని లెక్కలు గ్రామసభలో చదువబడినవా?

2. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు అభివృద్ధి సంఘములో మన ప్రతినిధి ఎవరు? ఆయన సమావేశములకు హాజరగుచున్నాడా?

3. రాత్రివేళ కాన్పు నొప్పులు వచ్చిన స్త్రీని ఏ ఆసుపత్రికి, ఏ వాహనముపై, ఎంత సేపటిలో చేర్చగలము? ఆ ఏర్పాటు గ్రామమందందరికిని తెలియునా?

4. ఆసుపత్రిని మార్చుటకు గాని, మూయుటకు గాని, పెంచుటకు గాని ప్రతిపాదన వచ్చినపుడు గ్రామము పక్షమున వ్రాతమూలకముగ అభిప్రాయము తెలుపు పద్ధతి మనకున్నదా?

ఈ నాలుగింటికి సమాధానములు పంచాయతీ పుస్తకములో వ్రాసియుంచి, ఆరు నెలల పిమ్మట మరల చదివి చూడవలెను. అప్పటికి ఒక్క సమాధానమైనను మెరుగుపడినచో ఆ గ్రామమున ఆసుపత్రి ప్రజలదైనదని చెప్పవచ్చును.